పుస్తకాల మూట మోసిన మనిషి: వట్టికోట ఆళ్వారుస్వామి

1938లో సికింద్రాబాదులో ఒక యువకుడు పుస్తకాలు అచ్చువేసే సంస్థ పెట్టాడు. వయసు ఇంకా ఇరవై మూడు నిండలేదు. చేతిలో డబ్బు లేదు, వెనక ఆస్తి లేదు, పేరు పక్కన రాసుకోవడానికి ఏ పరీక్షా పాసు కాలేదు. అప్పటికి ఆయన చేసిన పనులు మూడు: ఒకరింట్లో వంట, హోటల్లో సర్వరు పని, పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దడం. ఆ మనిషి అచ్చువేసిన పుస్తకాలు ముప్పైకి పైగా ఉన్నాయి. వాటిని మూటగట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, అంతకుముందెన్నడూ పుస్తకం కొనని వాళ్లచేత కొనిపించాడు. ఆయనే వట్టికోట ఆళ్వారుస్వామి.

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికలో ఆయన గురించి రాయాలనుకోవడానికి కారణం ఉంది. ఈ మధ్య సంఘం సమావేశాల్లో ఎక్కువగా వినబడే మాట ఒకటే. పిల్లలు చదవడం లేదని. పాఠ్యపుస్తకాలు కాదు, మామూలు పుస్తకాలు. ఏ పుస్తకంతో మొదలుపెట్టించాలి, ఏ రచయితను ముందు పరిచయం చేయాలి అని మన ఉపాధ్యాయులూ అడుగుతున్నారు, తల్లిదండ్రులైన మన బ్యాచ్‌మేట్లూ అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు మాటల్లో కాక బతుకంతా పనిచేసి జవాబు చెప్పిన మనిషి మనకు పది కిలోమీటర్ల దూరంలో, సికింద్రాబాదులో బతికాడు. ఆ జీవితం తెలిస్తే మన పని కొంత సులువవుతుంది.

చదువు దొరికిన తీరు

ఆళ్వారుస్వామి 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చెరువుమాదారంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇల్లు గడవడమే కష్టమైన చోట చదువు మాట ఎవరెత్తుతారు? ఆ కుర్రవాడు ఒక ఉపాధ్యాయుని ఇంట్లో వంటపనికి కుదిరాడు. వండిపెడుతూ, ఆ పంతులుగారి దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాడు. తరగతి గదిలో కూర్చుని కాదు, పొయ్యి దగ్గర కూర్చుని.

ఈ సంచిక చదివే ఉపాధ్యాయులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలని నా మనవి. ఆ పంతులుగారు చేసిన సాయం పైకి చూస్తే చిన్నదే. ఇంట్లో పనిచేసే పిల్లవాడికి పుస్తకం ముట్టుకునే అనుమతి, తెలియని మాట అడిగితే చెప్పే ఓపిక, అంతే. కానీ ఆ కాలంలో, ఆ జిల్లాలో అది ఎంత అరుదో గుర్తుచేసుకుంటే దాని విలువ తెలుస్తుంది. అప్పటి హైదరాబాద్ సంస్థానంలో చదవడం వచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. జనంలో దాదాపు సగం మంది ఇంటి భాష తెలుగే అయినా, కచేరీ భాష ఉర్దూ, పై చదువుల భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే సాగేది. తెలుగు చదువుకోవాలంటే ఇంట్లో నేర్చుకోవాలి, లేదా ఏ వీధిబడి పంతులో దొరకాలి. పేద ఇంటి పిల్లలకు రెండూ దొరకవు.

తర్వాత ఆళ్వారుస్వామి విజయవాడ వెళ్లి హోటల్లో సర్వరుగా పనిచేశారు. విజయవాడ అప్పటికే తెలుగు అచ్చుయంత్రాలకూ, పత్రికలకూ, రాజకీయ సభలకూ పెద్ద కేంద్రం. టీ కప్పులు అందించే కుర్రవాడి చెవిన పడే మాటలన్నీ పత్రికల మాటలు, జాతీయోద్యమం మాటలు. స్వాతంత్ర్యోద్యమం పట్ల ఆయన ఆసక్తి గట్టిపడిన రోజులవి.

అక్కడినుంచి మళ్లీ నిజాం రాజ్యానికి వచ్చి, సికింద్రాబాదులో స్థిరపడ్డారు. గోలకొండ పత్రికలో ప్రూఫ్‌రీడరుగా చేరారు. సురవరం ప్రతాపరెడ్డి గారు నడిపిన ఈ పత్రిక 1926లో మొదలైంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా, 354 మంది కవుల పద్యాలతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించిన సంస్థ అది. ఆ ఆఫీసులో ప్రూఫులు దిద్దడమంటే రోజూ తెలుగు గద్యాన్ని అక్షరం అక్షరం తూచి చూడటం. కాలేజీ మెట్లెక్కని ఆళ్వారుస్వామికి అదే కాలేజీ అయింది. వస్తువు తయారీలో చివరి తనిఖీ చేసే మనిషికి ఆ వస్తువు గురించి ఎంత తెలుస్తుందో, ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీల్లో పనిచేసిన నాకు తెలుసు. తప్పు ఎక్కడ దొర్లుతుందో పసిగట్టేవాడు, ఒప్పు ఎలా ఉండాలో కూడా నేర్చుకుంటాడు.

దేశోద్ధారక గ్రంథమాల

1938 ఏప్రిల్‌లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కన్నుమూశారు. అమృతాంజనం అమ్మి సంపాదించిన డబ్బును ఆంధ్రపత్రికకూ, పుస్తకాలకూ, గ్రంథాలయాలకూ ఖర్చుపెట్టిన మనిషి. ప్రజలు ఆయనను దేశోద్ధారక అని పిలుచుకున్నారు. అదే ఏడు ఆళ్వారుస్వామి తన సంస్థకు దేశోద్ధారక గ్రంథమాల అని పేరు పెట్టారు.

గ్రంథమాల అంటే ఏమిటో మన తర్వాతి బ్యాచ్‌ల వారికి తెలియకపోవచ్చు. ఒకే సంస్థ ఒక వరసలో, ఒక ఉద్దేశంతో, తక్కువ ధరకు వేసే పుస్తకాల దండ అది. తెలుగులో దీనికి బలమైన పునాది వేసింది కొమర్రాజు లక్ష్మణరావు గారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడటానికి ముఖ్యకారకులు ఆయనే. 1906లో ఇదే నగరంలో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, విజ్ఞాన శాస్త్రం, జీవిత చరిత్రలు తెలుగులో వేయించారు. ఆ దారిలోనే 1930ల చివర తెలంగాణలో చిన్న చిన్న గ్రంథమాలలు పుట్టాయి. పుస్తకం ఒక్క అణాకే ఇవ్వాలన్న పట్టుదలతో అణా గ్రంథమాల కూడా ఆ రోజుల్లోనే నడిచింది.

తక్కువ ధర అంత ముఖ్యం ఎందుకైంది? తెలుగు పుస్తకాలు ఎక్కువగా మద్రాసు, విజయవాడ, రాజమండ్రిల నుంచి రావాలి. అక్కడి ధర బ్రిటిష్ ఇండియా రూపాయల్లో, అంటే మన పెద్దలు కల్దార్ అనే రూపాయల్లో ఉండేది. ఇక్కడ నడిచేది నిజాం నాణెం, హాలీ సిక్కా. నూరు కల్దార్ రూపాయలకు ఇక్కడ దాదాపు నూటపదహారు హాలీ రూపాయలు పోయాలి. ఆపైన రవాణా ఖర్చు. పుస్తకం నల్లగొండ పల్లెకు చేరేసరికి కూలివాడికే కాదు, బడిపంతులుకు కూడా భారమే. ఇక్కడ రాసినవాళ్లకు అచ్చు దొరకదు, ఇక్కడ చదివేవాళ్లకు పుస్తకం దొరకదు. ఈ రెండు ముడులూ ఒక్కసారే విప్పాలని ఆళ్వారుస్వామి ప్రయత్నం.

అచ్చు వేయడం అందులో సగం పనే. వేసిన పుస్తకాన్ని పాఠకుడి చేతిలో పెట్టేదెవరు? పుస్తకాల దుకాణాలు పట్టణంలోనే బహు కొద్ది. ఆళ్వారుస్వామి మూట కట్టుకుని బయలుదేరేవారు. సభ జరిగితే సభ దగ్గర, లేకపోతే ఊళ్లలో గడప గడపకూ. రైలెక్కగలిగినచోట రైలు, లేనిచోట నడక. సొంత పుస్తకాలే కాదు, తనకు మంచివని తోచిన ఇతరుల పుస్తకాలు కూడా మూటలో ఉండేవి. ఆయనను చూసినవాళ్లందరూ చెప్పుకున్న జ్ఞాపకం ఈ మూటే.

ఇప్పుడు ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సెక్కితే ఘట్‌కేసర్, బీబీనగర్ దాటి గంటన్నర లోపు భువనగిరి చేరతాం. 1944లో ఆంధ్ర మహాసభ పదకొండో మహాసభ జరిగింది అక్కడే. రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులైన ఆ సభలో సంస్థ అతివాదులు, మితవాదులుగా చీలింది. ఆళ్వారుస్వామి అతివాదుల వైపు, కమ్యూనిస్టుల వైపు నిలిచారు. ఆ కాలానికి మన ఉప్పల్, నాచారం పొలాలూ చెరువులూ ఉన్న పల్లెలు. ఇప్పుడు మెట్రో రైలు వెళుతున్న దారి పక్కన జొన్నలు పండేవని మా నాన్న తరం వాళ్లు చెప్పేవారు.

పుస్తకానికి భయపడిన కాలం

పుస్తకాలు అమ్మితే జైలుకు ఎందుకు పోవాలి అని ఈనాటి పిల్లలు అడగవచ్చు. అడగాలి కూడా.

నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో సభలూ సమావేశాలూ ముందస్తు అనుమతి లేకుండా జరగకూడదని ఆంక్ష పెట్టింది. నలుగురు ఒకచోట చేరడమే అనుమానంగా చూసే రోజులు. గ్రంథాలయమంటే నలుగురు చేరే చోటు. అక్కడ ఒకరు పత్రిక చదువుతారు, చదవడం రానివాళ్లు చుట్టూ కూర్చుని వింటారు. విన్నవాడు వెట్టి ఎందుకు చేయాలి, ఈ నజరానా ఎందుకు కట్టాలి అని అడుగుతాడు. అధికారులకు ఈ సంగతి తెలుసు. అందుకే రాజకీయాల జోలికి పోని గ్రంథాలయాల మీదా నిఘా ఉండేది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన నాటినుంచీ గ్రంథాలయాలు, తెలుగు బడులు ప్రజల ప్రధాన కోరికలుగా ఉండటం కూడా ఇందుకే.

ఆళ్వారుస్వామి ఒక్క పుస్తకాలతో ఆగలేదు. సికింద్రాబాదులో రిక్షా తొక్కేవాళ్లు, ప్రెస్సుల్లో పనిచేసేవాళ్లు, దుకాణాల గుమాస్తాలు సంఘాలు కట్టుకోవడానికి తోడ్పడ్డారు. ఆంధ్ర మహాసభలో పనిచేశారు. 1940వ దశకంలో రెండు విడతలుగా అరెస్టై కొన్నేళ్లు జైళ్లలో గడిపారు. పుస్తకాలు వేసే మనిషి లోపలికి పోతే గ్రంథమాల ఆగిపోతుంది. బయటికి వస్తే మళ్లీ మొదటినుంచి. పెట్టుబడి అంతా ఆయన కాళ్లూ భుజాలే కాబట్టి, ఆయన లేకపోతే నడిపించే యంత్రాంగం లేదు. ఆ సంస్థ బలమూ బలహీనతా కూడా అదే.

నిజామాబాద్ ఖిల్లా జైలులో ఆయనకు తోడు దొరికింది యువకవి దాశరథి కృష్ణమాచార్య. కాగితం కలం ఇవ్వని చోట దాశరథి బొగ్గుతో గోడమీద పద్యాలు రాసేవారు. జైలు సిబ్బంది చెరిపేసేవారు. చెరిపేలోగా ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేసేవారని ఆ తరం వాళ్లు చెప్పుకున్నారు. ప్రెస్సు లేదు, కాగితం లేదు, మూట లేదు. అయినా ప్రచురణకర్త తన పని మానలేదన్నమాట. దాశరథి తన అగ్నిధార కావ్యాన్ని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. రాజులకూ జమీందార్లకూ అంకితాలిచ్చిన సంప్రదాయంలో, వంటవాడిగా బతుకు మొదలుపెట్టిన ఒక పుస్తకాల మనిషికి దక్కిన అంకితం అది.

రాసిన పుస్తకాలు

జైలునుంచి వచ్చాక ఆళ్వారుస్వామి అచ్చువేస్తూనే సొంతంగా రాయడమూ పెంచారు. 1953లో కాళోజీ నారాయణరావు గారి నా గొడవను ప్రచురించింది దేశోద్ధారక గ్రంథమాలే. అలంపురంలో జరిగిన ఆంధ్ర సారస్వత పరిషత్తు సభల్లో శ్రీశ్రీ ఆ పుస్తకాన్ని ఆవిష్కరించారు. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9ని ఇప్పుడు మన రాష్ట్రం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటోంది. ఆ రోజు పాఠశాలలో కాళోజీ గురించి మాట్లాడే పిల్లలకు, ఆ పుస్తకాన్ని వేసినవారి పేరు కూడా చెప్పడం బాగుంటుంది.

ఆళ్వారుస్వామి జైల్లో రాజకీయ ఖైదీలతోపాటు దొంగతనాలూ హత్యలూ చేసి వచ్చినవాళ్లను కూడా చూశారు. వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల కథ విన్నారు. మనిషి నేరం దాకా ఎలా వచ్చాడు, అతని పరిసరాలు అతన్ని ఏం చేశాయి అన్న ఆలోచనతో రాసినవే జైలు లోపల కథలు. అందులో ఒక కథ పేరే మెదడుకు మేత.

ప్రజల మనిషి నవల ఆయనకు నిలిచిపోయే పేరు తెచ్చింది. నిజామాబాద్ ప్రాంతపు పల్లె, రామభూపాలరావు అనే దేశముఖు, అతన్ని ఎదిరించి నిలిచే కంఠీరవం అనే యువకుడు. వెట్టిచాకిరి, భూముల ఆక్రమణ, మెల్లగా ఊళ్లోకి వచ్చే ఆంధ్ర మహాసభ మాటలు, ఇవన్నీ అందులో ఉన్నాయి. సాయుధ పోరాటం కంటే ముందు రోజుల తెలంగాణ ఎలా ఉండేదో, ఆ పోరాటం ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే మొదట చదవాల్సిన నవల ఇదే. పెద్ద పెద్ద వర్ణనలు లేవు. ఊరివాళ్ల మాట, ఊరివాళ్ల భయం, చివరికి ఊరివాళ్ల తెగువ ఉన్నాయి. కథనం అక్కడక్కడ వ్యాసంలా సాగే మాట నిజమే. కథకుడు ఆగి ఉద్యమం గురించి వివరిస్తుంటాడు. కొత్త పాఠకుడు ఆ పేజీల దగ్గర కొంచెం ఓపిక పట్టాలి.

దాని తర్వాతి కాలాన్ని గంగు అనే నవలగా రాయడం మొదలుపెట్టారు. అది పూర్తికాకముందే, 1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 45 ఏళ్లే. గంగు ఆయన పోయాక, ఉన్నంతవరకే అచ్చయింది. ఈ వాక్యం రాస్తున్న నేను ఆయన బతికిన వయసు దాటి చాలా ఏళ్లయింది. మన బ్యాచ్ వాళ్లందరమూ దాటేశాం.

ఆయన పనినుంచి మనం నేర్చుకోగలిగింది

నాచారం పారిశ్రామికవాడలో మేం పనిచేసే చోటికి ఏటా డిప్లొమా చదివిన కుర్రవాళ్లు ట్రైనీలుగా వస్తారు. రెండేళ్ల కింద నల్లగొండ వైపునుంచి వచ్చిన ఒక ట్రైనీ, మధ్యాహ్నం భోజనం దగ్గర నా చేతిలో ఉన్న పుస్తకం చూసి, తను ఇంతవరకూ పాఠ్యపుస్తకం తప్ప మరోటి చదవలేదనీ, ఏదైనా ఒకటి చెప్పమనీ అడిగాడు. నోట్లోకి పెద్ద పెద్ద పేర్లు వచ్చాయి. చెప్పేముందు, నీకు దేనిమీద ఆసక్తి అని అడిగాను. వాళ్ల తాత ఎప్పుడూ దొర గడి గురించి చెబుతుంటాడట, అదంతా నిజమేనా అని అతని సందేహం. మర్నాడు ప్రజల మనిషి తెచ్చిచ్చాను. పూర్తిచేయడానికి నెలన్నర పట్టింది. తిరిగి ఇచ్చేటప్పుడు బాగుంది అనలేదు. వాళ్ల తాతకు చదివి వినిపించాననీ, కొన్నిచోట్ల తాత ఆపి, అలా కాదు ఇలా జరిగేదని సరిదిద్దాడనీ చెప్పాడు. ఏ పుస్తక సమీక్షా నాకు ఇంత తృప్తినివ్వలేదు.

ఆళ్వారుస్వామి పనిచేసిన పద్ధతిలో మన పాఠశాలకు పనికొచ్చేవి నాకు మూడు కనబడుతున్నాయి.

మొదటిది, పాఠకుడు పుస్తకం దగ్గరికి వస్తాడని ఎదురుచూడకూడదు. పుస్తకమే పాఠకుడి దగ్గరికి పోవాలి. తాళం వేసిన బీరువాలో ఉన్న పుస్తకం మద్రాసులో ఉన్న పుస్తకంతో సమానం. పిల్లల బెంచీ మీదికి అది రావాలి.

రెండోది, పుస్తకం ధర పాఠకుడికి అందాలి. ఈ రోజుల్లో ధర అంటే డబ్బు ఒక్కటే కాదు, సమయం కూడా. ఎన్నడూ చదవని పిల్లవాడికి అయిదువందల పేజీల గ్రంథం ఇవ్వడం, అణా కూడా లేనివాడిని పది రూపాయలు అడగడం లాంటిది. పది పేజీల కథ ఇవ్వండి. పూర్తిచేశానన్న సంతోషమే అతన్ని రెండో కథకు తీసుకుపోతుంది.

మూడోది, చదవడం రానివాళ్లను వదిలేయకూడదు. ఆ రోజుల్లో ఒకరు చదివితే పదిమంది విన్నారు. ఈ రోజు మన ప్రాంతంలో రెండు రకాల పిల్లలు ఉన్నారు. తెలుగు ధారాళంగా మాట్లాడతారు కానీ ఇంగ్లీషు మీడియంలో పడి తెలుగు చదవడానికి తడుముకునేవాళ్లు ఒక రకం. ఫ్యాక్టరీ పనులకు ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఇంకో రకం. వాళ్లు వీధిలో తెలుగు నేర్చుకుంటున్నారు, ఇంట్లో వేరే భాష. ఇద్దరికీ పైకి చదివి వినిపించే మనిషి కావాలి. ఒడియా, హిందీ పుస్తకాలు కూడా నాలుగు మన బీరువాలో ఉండాలి. తన ఇంటి భాషలో పుస్తకం దొరకని పిల్లల కష్టం ఏమిటో నిజాం కాలపు తెలంగాణకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు?

కొత్తగా చదివేవారికి కొన్ని పేర్లు

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవారి కోసం, నాకు నచ్చిన కొన్ని పుస్తకాలు ఇక్కడ చెబుతున్నాను. ఇది పండితుల జాబితా కాదు. సులువైనవి ముందు, బరువైనవి తర్వాత వచ్చేలా వరస పెట్టాను.

కథలతో మొదలుపెట్టేవారు యశోదారెడ్డి గారి మా ఊరి ముచ్చట్లు తీసుకోండి. పాలమూరు మాట చెవిలో పడుతుంది. పైకి చదివితే ఇంకా బాగుంటుంది. పట్నం మీద ఇష్టమున్నవారికి నెల్లూరి కేశవస్వామి చార్మినార్ కథలు. పాతబస్తీ ఇళ్లలో హిందువులూ ముస్లింలూ కలిసి బతికిన తీరు, ఆ బతుకులో వచ్చిన పగుళ్లు తెలుస్తాయి. ఆ తర్వాత ఆళ్వారుస్వామి జైలు లోపల.

నవలల్లో ముందు ప్రజల మనిషి, వెంటనే దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు. దాశరథి కృష్ణమాచార్యకు రంగాచార్య తమ్ముడు. గడి లోపలి బతుకు ఈ నవలలో కళ్లకు కట్టినట్టు ఉంటుంది. సినిమాగా కూడా వచ్చింది. రెండు నవలలూ చదివినవారికి పూర్తికాని గంగు కూడా చదవాలనిపిస్తుంది.

కవిత్వం భయపెడుతుందనేవారికి కాళోజీ నా గొడవ. నిఘంటువు అవసరం పడదు. అది చదివాక దాశరథి అగ్నిధార. కవిత్వం కంటే మనిషి కథ ఇష్టమైతే దాశరథి ఆత్మకథ యాత్రాస్మృతి.

చరిత్రంటే రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ అని విసుగు చెందిన పిల్లలకు సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆటలాడారు అన్నది అందులో విషయం. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం దీనికే. ఒక్కసారిగా చదవక్కర్లేదు, ఇష్టమైన అధ్యాయం తెరిచి చదువుకోవచ్చు. ఇక సైన్సు ఇష్టపడే పిల్లలకు మహీధర నళినీమోహన్ రాసినవి ఏవి దొరికితే అవి. ఇంజనీరుగా నా ఓటు ఆయనకు ఎప్పుడూ ఉంటుంది.

ఇవి ఎక్కడ దొరుకుతాయంటే, కొన్ని ఎప్పటికప్పుడు పునర్ముద్రణ అవుతూనే ఉన్నాయి. డిసెంబరులో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో వెతికితే చాలావరకు దొరుకుతాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ప్రతులు చవకగా వస్తాయి. అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, చిక్కడపల్లి నగర గ్రంథాలయం ఉండనే ఉన్నాయి. మెట్రో వచ్చాక ఉప్పల్ వాళ్లకు ఇవేవీ దూరం కాదు.

స్వర్ణోత్సవానికి ఒక మనవి

స్వర్ణోత్సవం సందర్భంగా పాఠశాలకు ఏం చేయాలన్నదాని మీద మన సంఘంలో రకరకాల సూచనలు వచ్చాయి. ప్రవేశద్వారం కట్టాలనీ, కంప్యూటర్లు ఇవ్వాలనీ, వేదిక కట్టాలనీ. అన్నీ మంచివే. వాటితోపాటు నా సూచన ఒకటి జతచేసుకోమని కోరుతున్నాను. దానికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

ప్రతి బ్యాచ్ ఏడాదికి పాతిక పుస్తకాలు ఇవ్వాలి. ఏ పుస్తకాలన్నది తెలుగు, హిందీ, సైన్సు, సోషల్ ఉపాధ్యాయులు కలిసి నిర్ణయించాలి. పుస్తకాలు బీరువాలో కాక, తరగతి గదిలో తాళంలేని అరలో ఉండాలి. చిరిగిపోతాయన్న భయం వద్దు. చిరిగిన పుస్తకం చదివిన పుస్తకమే. పోయిన పుస్తకం ఎవరింట్లోనో ఉందని అనుకుందాం. నెలకు ఒక శనివారం మనలో ఎవరో ఒకరు వెళ్లి గంటసేపు పిల్లలకు ఒక కథ పైకి చదివి వినిపించాలి. ఉద్యోగ విరమణ చేసిన మిత్రులు, ఉప్పల్, నాచారం, హబ్సిగూడల్లోనే ఉంటున్న మిత్రులు ముందుకొస్తే ఏడాదికి పన్నెండు పేర్లు సులువుగా దొరుకుతాయి. మొదటి శనివారానికి నా పేరు రాసుకోవచ్చు.

నవంబరు 1 ఆళ్వారుస్వామి పుట్టినరోజు. ఆ రోజున పాఠశాల మొత్తం ఒక పీరియడ్ పాటు పాఠాలు పక్కన పెట్టి, ఉపాధ్యాయులతో సహా అందరూ తమకిష్టమైన పుస్తకం చదువుకునేలా చేయగలిగితే ఆయనకు అంతకు మించిన దండ లేదు. ఆ పీరియడ్‌లో మధ్యాహ్న భోజనం వండే అమ్మలను కూడా పిలిచి, వాళ్లకూ ఒక పుస్తకం ఇవ్వమని ప్రధానోపాధ్యాయులకు నా ప్రత్యేక విన్నపం. వంటింట్లోనుంచి వచ్చిన పాఠకుడు ఎంత దూరం వెళ్లగలడో ఆళ్వారుస్వామి మనకు చూపించారు.

1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, మెకానికల్ ఇంజనీరు, నాచారం